పెనుమూడి అయిదు మాత్రలు



మా ఊరు పెనుమూడి. రేపల్లెతో రైలుమార్గం అయిపోతుంది కదా, అక్కణ్ణుంచి ఇంకాస్త తూర్పుకు వస్తే కృష్ణ ఒడ్డున మా ఊరు. ఆవలి ఒడ్డున పులిగడ్డ. మధ్యలో వారధి. వారధి రాకముందు ఈ రేవు నుంచి ఆ రేవుకు పడవలే దిక్కు. ఇప్పుడు కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216 నంబరు జాతీయ రహదారి మా ఊరి పక్కనుంచే నది దాటుతుంది.

సాయంత్రం పూట రేవు మెట్ల మీద కూర్చుంటే వంతెన మీద పోయే బండ్ల చప్పుడు నీళ్ళ మీదుగా వస్తుంది. వంతెన పలకల మధ్య అతుకులుంటాయి. బస్సు ఒక అతుకు దాటగానే టక్‌టక్ అని రెండు దెబ్బలు. ముందు చక్రాలదొకటి, వెనక చక్రాలదొకటి. కాసేపటికి ఇంకో అతుకు, మళ్ళీ టక్‌టక్. డ్రైవరు ఒకే వేగంలో పోతుంటే ఆ ఎడం మారదు. కళ్ళు మూసుకుని వింటే చాలు, బ్రేకు మీద కాలు పెట్టాడో, తొందరపడుతున్నాడో తెలిసిపోతుంది. అన్ని దెబ్బలూ ఒకేలా ఉన్నా సరే, వాటి మధ్య ఎడం మారిందంటే మన చెవి వెంటనే పట్టేస్తుంది. సంగీతం తెలియనివాళ్ళు కూడా పట్టేస్తారు. లయ ఉండేది ఆ ఎడంలోనే.

నేను చాలా ఏళ్ళుగా సాయంత్రాలు పిల్లలకు గిటారు నేర్పుతున్నాను. గిటారు మీద లయనూ కాలప్రమాణాన్నీ ఎలా సాధన చెయ్యాలో నాలుగు మాటలు చెబుదామని ఈ రోజు మీ ముందుకొచ్చాను. మీ ఇంట్లో గిటారు లేకపోయినా వినండి. ఇందులో ముప్పాతిక భాగం నోటితోనూ చేతులతోనూ చేసేదే.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు పెద్దలు. ఇప్పటి పిల్లలు తల్లిని బాగానే చూసుకుంటున్నారు. ఫోనులో శ్రుతి చూపించే యాప్ పెట్టుకుని ఆరు తీగలూ చక్కగా సరిచేసుకుంటారు. తండ్రి సంగతే ఎవరికీ పట్టడం లేదు. అదే ఫోనులో సమానమైన ఎడంతో టిక్కు టిక్కుమని తాళం చెప్పే మెట్రోనోమ్ కూడా ఉంటుంది. దాన్ని తెరిచిన పిల్లల్ని నేను ఇంతవరకు ఇద్దరినో ముగ్గురినో చూశాను.

నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది వీడియోలు చూసి కొంత నేర్చుకునే వస్తారు. కార్డులంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే వేళ్ళ పట్లు. జి మేజర్‌కు వేళ్ళెక్కడ, సి మేజర్‌కు ఎక్కడ, ఇ మైనర్‌కు ఎక్కడ, అన్నీ కంఠస్థమే. ‘ఏదీ, వాయించు బాబూ’ అంటాను. జాం, జాం, జాం, జాం అని జి మేజర్ నాలుగుసార్లు వస్తుంది. బాగుంటుంది. తర్వాత సి మేజర్‌కు మారాలి. అక్కడ చెయ్యి ఆగుతుంది. ఉంగరపు వేలు మూడో ఫ్రెట్ వెతుక్కుంటుంది, చూపుడు వేలు రెండో తీగ మీదికి పాకుతుంది, పిల్లవాడు మెడ వంచి గిటారు మెడలోకి చూస్తాడు. ఈలోగా కుడిచెయ్యి గాలిలో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. వేళ్ళు కుదిరాక మళ్ళీ జాం, జాం. పక్కన కూర్చున్న తల్లి ‘కార్డులన్నీ కరెక్టుగానే పడుతున్నాయి కదండీ మాస్టారూ’ అంటుంది. కార్డులు సరిగ్గానే పడ్డాయమ్మా, పాటే తెగింది. ఎవరైనా దానితో కలిసి పాడాలని చూస్తే నాలుగు మాటలకోసారి ఊపిరి బిగబట్టుకుని ఆగాలి.

పాట తెగడమంటే ఏమిటో నాకు ఒక పెళ్ళి పందిట్లో తెలిసింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళుంటాయి. చెరుకుపల్లి వైపు ఒక ఊళ్ళో పెళ్ళికి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించడానికి పోయాను. మూడో పాటలో ఒక కష్టమైన కార్డు దగ్గర ఆగాను. ఒక్క దెబ్బే ఆగింది. గాయని తడబడింది, కీబోర్డు అబ్బాయి నన్ను చూశాడు, ముందు వరసలో తాంబూలం వేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తాడు. డోలక్ వాయించే ఆయన మాత్రం దరువు వదలకుండా అందరినీ మళ్ళీ లాక్కొచ్చి గాడిన పెట్టాడు. ఆయన్ని మేమంతా బాబాయిగారూ అని పిలిచేవాళ్ళం. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: ‘తప్పు కార్డు పడితే నీకూ నాకూ తెలుస్తుంది. చెయ్యి ఆగితే పందిట్లో అందరికీ తెలుస్తుంది. ఏ కార్డయినా వెయ్యి అబ్బాయ్, చెయ్యి మాత్రం ఆపకు.’

ఇప్పటిదాకా నేను నేర్చుకున్న గిటారు పాఠాల్లో అంతకు మించినది లేదు. ఎడమచెయ్యి పొరపాటు పడవచ్చు. కుడిచెయ్యి ఆగకూడదు.

అమెరికాలో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రా అని పేరున్న జాజ్ బృందం ఉంది. అందులో ఫ్రెడ్డీ గ్రీన్ అనే ఆయన 1937లో గిటారిస్టుగా చేరాడు. 1987లో కన్నుమూసే దాకా ఆ బృందంలోనే ఉన్నాడు. ఇంచుమించు 50 ఏళ్ళు. ఆ 50 ఏళ్ళలో ఆయన ఒంటరిగా ముందుకొచ్చి సోలో వాయించిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కరెంటు కూడా పెట్టని గిటారుతో ఆవృత్తానికి, అంటే తాళం ఒక చుట్టుకు, నాలుగు దెబ్బలు, అంతే. చుట్టూ ట్రంపెట్లూ శాక్సఫోన్లూ మోగుతుంటే ఆ గిటారు విడిగా వినపడేది కూడా కాదు. అది ఉందన్న సంగతి మాత్రం బృందంలో ప్రతివాడికీ ఒంటికి తెలుస్తుండేది. కుడిచేతి విలువ ఎంతని ఎవరైనా అడిగితే నేను ఆయన పేరే చెబుతాను.

సరే, సాధనలోకి వద్దాం.

ముందు గోడ గడియారం కింద కూర్చోండి. టిక్‌టిక్‌మని సెకన్ల ముల్లు కొట్టుకునే మామూలు గడియారం చాలు. నిమిషానికి 60 దెబ్బలు, దానికన్నా నమ్మకమైన తాళగాడు ఇంట్లో ఇంకెవరూ ఉండరు. ఇప్పుడు ఎడమ అరచేతిని తీగల మీద ఊరికే ఆనించండి, నొక్కవద్దు. అలా ఉంచి కుడిచేత్తో మీటితే స్వరం రాదు, చిక్ చిక్ మని పొడి చప్పుడు వస్తుంది. మనకు కావలసింది అదే. కార్డుల బెంగ లేదు, అపస్వరం భయం లేదు, మిగిలింది కాలం ఒక్కటే.

గడియారం టిక్ అన్నప్పుడు చెయ్యి కిందికి. రెండు టిక్కుల సరిగ్గా నడిమధ్యలో చెయ్యి పైకి. చేతిని బిగించవద్దు. భోజనం చేసి చెయ్యి కడుక్కుని నీళ్ళు విదిలిస్తాం చూడండి, మణికట్టు అంత వదులుగా ఉండాలి. కింద, మీద, కింద, మీద. ఐదు నిమిషాలు చెయ్యండి. మొదటి నిమిషంలో ఇందులో ఏముందనిపిస్తుంది. రెండో నిమిషంలో ఒక సంగతి బయటపడుతుంది: పైకి వచ్చే దెబ్బ నడిమధ్యలో పడటం లేదు, ముందే వచ్చేస్తోంది. కిందికి దించిన చెయ్యి వెంటనే పైకి లాగేసుకోవాలని చూస్తుంది. దాన్ని ఆ అరసెకను దాకా ఓపికపట్టించడమే మొదటి సాధన. నా దగ్గర చేరిన పిల్లలు ఇది నిలకడగా చెయ్యడానికి పది రోజులు తీసుకుంటారు. పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువే పడుతుంది.

చెయ్యి ఊయలలా ఊగడం అలవాటయ్యాక రెండో మెట్టు. చెయ్యి ఎప్పటిలాగే ఊగుతుంది, కానీ కొన్ని ఊపులు తీగలను తాకకుండా గాలిలోనే పోతాయి. ఏవి తాకాలి, ఏవి వదలాలి అన్నదే స్ట్రమ్మింగ్ అంటే.

గిటారు పాఠాల్లో తరచుగా కనిపించే వరస ఒకటుంది. డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్. పిల్లలు ఇది కాగితం మీద బాణం గుర్తులతో రాసుకుని వస్తారు. బాణాలు చూస్తూ వాయిస్తే చెయ్యి గందరగోళపడుతుంది. ఎందుకంటే ఆ బాణాల్లో ఏది ఎంతసేపు నిలవాలో ఉండదు. మన దగ్గర అది చెప్పే పద్ధతి ఉంది. బళ్ళో తెలుగు మాస్టారు చెప్పిన గురువు, లఘువు గుర్తున్నాయా? లఘువు ఒక మాత్ర. గురువు రెండు మాత్రలు. దీర్ఘం గురువు, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువు. పరీక్ష రాసి మరిచిపోయిన ఆ లెక్క కుడిచేతికి అక్షరాలా పనికొస్తుంది.

ఇప్పుడు నోటితో అనండి: రామ రామ హరి.

రా రెండు మాత్రలు, మ ఒకటి. మళ్ళీ రా రెండు, మ ఒకటి. హ ఒకటి, రి ఒకటి. మొత్తం 8. చెయ్యి మాత్రకు ఒక ఊపు చొప్పున కిందికీ పైకీ ఊగుతోందనుకోండి. మొదటి రా దగ్గర కిందికి కొట్టారు. రా ఇంకా సాగుతుండగా చెయ్యి గాలిలో పైకి వచ్చింది. మ దగ్గర కిందికి. రెండో రా పైకి. అది సాగుతుండగా చెయ్యి గాలిలో కిందికి పోయింది. మ పైకి, హ కిందికి, రి పైకి. ఏమైంది? డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్. ప్రపంచమంతా బాణాలు గీసుకుని నేర్చుకునే ఆ వరస మన నోట్లో రామ రామ హరి. ఈ లెక్క నాకు తట్టిన రోజున నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇలా చెబితే, అప్పటికి రెండు వారాలుగా రాని వరస పదిహేను నిమిషాల్లో వచ్చేసింది. రెండో రా దగ్గరే అందరికీ కష్టం, ఎందుకంటే తాళం దెబ్బ పడాల్సిన చోట చెయ్యి తీగను తాకకుండా పోతుంది. నోరు ఆ అక్షరాన్ని సాగదీసి పట్టుకుంటే చేతికి ధైర్యం వస్తుంది.

నోటికి రానిది చేతికి రాదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి చూడండి. 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు కూడా సంగీతం నేర్చినవారే. ఆ పిల్లవాడికి కర్ణాటక సంగీతం నేర్పినవారు రుద్రరాజు సుబ్బరాజు గారు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని ఆ పాడినదాన్ని తీగ మీద పలికించేవాడు. 1978లో, గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన మొదటి కచేరీ జరిగింది. తొమ్మిదేళ్ళ వయసు. వేలు ఎక్కడ పెట్టాలో ఆ గురువు చూపించకుండానే ఆ చెయ్యి అలా తయారైంది, ఎందుకంటే పాఠం గొంతులోంచి వచ్చింది. తర్వాత రోజుల్లో ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో, తబలా జాకిర్ హుస్సేన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా వాయించారు. ఆ మెక్‌లాఫ్లిన్ గారు మన కొన్నక్కోల్ మీద ఎంత మనసు పడ్డారంటే, అదే బృందంలోని సెల్వగణేశ్ గారితో కలిసి దాని మీద పాఠాల వీడియోనే తయారుచేశారు. కొన్నక్కోల్ అంటే మృదంగం జతులను నోటితో పలకడం. తకిట అంటే మూడు, తకదిమి అంటే నాలుగు, తకతకిట అయిదు, తకిట తకదిమి ఏడు. లోకంలో పేరున్న గిటారిస్టు మన తకదిమి కోసం ఇంత దూరం వస్తే, మన పిల్లలు వన్ అండ్ టూ అండ్ అని లెక్కపెట్టుకుంటూ ఇబ్బంది పడటం చూస్తే నాకు బాధేస్తుంది. అది తప్పని కాదు. కానీ మన నాలుక మీద అంతకన్నా హాయిగా తిరిగే మాటలున్నప్పుడు వాటినే వాడుకోవాలి.

జతుల మాటలు కొత్తగా అనిపిస్తే ఊరి పేర్లున్నాయి. నేను పిల్లలకు ఊరి పేర్లతోనే మొదలుపెడతాను. తెనాలి. తె ఒకటి, నా రెండు, లి ఒకటి. నాలుగు మాత్రలు. చేత్తో వాయిస్తే తె కిందికి, నా పైకి, ఒక ఊపు గాలిలో, లి పైకి. బరువంతా దెబ్బ మీద పడకుండా దెబ్బ పక్కన పడుతుంది. కొత్త సినిమా పాటల్లో గిటారు తుళ్ళుతున్నట్టు వినపడే చోట్ల గమనించండి, చాలాచోట్ల ఈ తెనాలి నడకే ఉంటుంది. రేపల్లె: రే రెండు, ప రెండు, ల్లె ఒకటి. బాపట్ల కూడా అంతే. గుంటూరు కూడా అంతే. మూడూ అయిదేసి మాత్రలు, మూడూ త గణాలు.

ఇక మా ఊరు. పె ఒకటి, ను ఒకటి, మూ రెండు, డి ఒకటి. అయిదు. లఘువు, లఘువు, గురువు, లఘువు. ఛందస్సులో దీన్ని సలము అంటారు, ఇంద్రగణాల్లో ఒకటి. ఒకరోజు రేవులో కూర్చుని ఇది తొడ మీద వేసుకుంటూ ఎదురుగా చూశాను. పులిగడ్డ. పు ఒకటి, లి ఒకటి, గ రెండు, డ్డ ఒకటి. అదీ సలమే. నదికి ఈ ఒడ్డున ఉన్న ఊరిదీ ఆ ఒడ్డున ఉన్న ఊరిదీ ఒకే నడక. చిన్నప్పటి నుంచి ఆ రెండు పేర్లూ కలిపి పలుకుతున్నాను, వారధి పేరే పెనుమూడి పులిగడ్డ వారధి కదా, అయినా అప్పటిదాకా నాకు వినపడలేదు.

ఇది గిటారు మీద వాయిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అయిదు బేసి సంఖ్య. చెయ్యేమో కిందికీ పైకీ, రెండే రెండు దిక్కుల్లో ఊగుతుంది. పె కిందికి, ను పైకి, మూ కిందికి, అది సాగుతుండగా చెయ్యి గాలిలో పైకి, డి కిందికి. అయిదు అయిపోయాయి. తర్వాతి దెబ్బకు చెయ్యి కిందే ఉంది, కాబట్టి రెండో అయిదు పైకే మొదలవ్వాలి. పు పైకి, లి కిందికి, గ పైకి, గాలిలో కిందికి, డ్డ పైకి. పది మాత్రలు. ఇప్పుడు చెయ్యి మళ్ళీ పెనుమూడికి సిద్ధంగా పైన ఉంటుంది. పోయేటప్పుడు కింది దెబ్బతో బయల్దేరి, వచ్చేటప్పుడు పై దెబ్బతో బయల్దేరడం అన్నమాట. ఖండగతి, అంటే అయిదు మాత్రల నడక, సాధన చెయ్యడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. రెండో సగంలో పై దెబ్బ బలంగా రాదు, అలవాటు లేక తేలిపోతుంది. రెండు ఊర్లూ ఒకే బలంతో వినపడే దాకా వాయించాలి. మీ ఊరి పేరును కూడా ఇలా విడదీసి చూడండి. ఏ గణమో తెలిశాక అది మీ కుడిచేతిని వదలదు.

మూడూ నాలుగూ కలిసిన ఏడుకు గురజాడ వారి ముత్యాల సరం ఉంది. మొదటి మూడు పాదాల్లో పాదానికి 14 మాత్రలు, మూడు నాలుగు, మూడు నాలుగు. తకిట తకదిమి రెండుసార్లు. ఏడో తరగతి పిల్లలు కూడా తాళం తప్పకుండా చదివేస్తారు. ఏడు మాత్రల నడక చాలా కష్టమని పాశ్చాత్య సంగీతం పుస్తకాలు భయపెడుతుంటాయి. మనవాళ్ళు దాన్ని బళ్ళో బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూ వల్లెవేశారు.

తీగ వాయిద్యాన్ని దరువు కోసం వాడటం కూడా మనకు కొత్తేమీ కాదు. బుర్రకథ చూసినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. కథకుడి భుజాన తంబుర ఉంటుంది. కుడిచేతి వేళ్ళు తీగను మీటుతుంటాయి, బొటనవేలికి అందె, అది ఘల్లుమంటూ తాళం చెబుతుంటుంది. కాళ్ళకు గజ్జెలు. అడుగు ముందుకి, అడుగు వెనక్కి. నోట్లో కథ. అటూ ఇటూ వంతలు, వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు ఈ కళకు ఎంత పేరు తెచ్చారో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1986లో పద్మశ్రీ వచ్చింది. కథ ఎంత ఉద్వేగంలో ఉన్నా, మధ్యలో మాటలు వచ్చినా, నవ్వులు వచ్చినా ఆ అడుగూ ఆ అందే ఆగవు. కాలూ చెయ్యీ నోరూ ఒకే కాలాన్ని మూడు చోట్ల పట్టుకుని ఉంటాయి. ఒకటి జారినా మిగతా రెండూ నిలబెడతాయి. అందుకే నేను పిల్లల్ని కుర్చీలోంచి లేపి నిలబెట్టి వాయించమంటాను. అడుగు వేస్తూ వాయించిన పిల్లవాడికి తాళం తప్పడం తగ్గుతుంది. వారధి దాటి కాస్త లోపలికి పోతే కూచిపూడి. అక్కడ పిల్లలకు అభినయం కన్నా ముందు పాదం నేర్పుతారు. మన గిటారు పిల్లలూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలని నా కోరిక.

మెట్రోనోమ్ గురించి రెండు మాటలు. ఆమ్‌స్టర్‌డాంలో వింకెల్ అనే ఆయన 1814లో ఆ లోలకం పద్ధతి కనిపెట్టాడు. మరుసటేడు మెల్జెల్ అనే ఆయన దాన్ని తన పేర పేటెంటు చేయించుకున్నాడు. లోకానికి మెల్జెల్ పేరే మిగిలింది. ఇప్పుడది ఉచితంగా ఫోనులో ఉంది. దాన్ని తెరిచే ఆ కొద్దిమంది పిల్లలూ మొదటే నిమిషానికి 120 దెబ్బలు పెడతారు. వేగంగా వాయిస్తే వచ్చేసిందనుకుంటారు. నిజానికి నెమ్మదే కష్టం. 120లో దెబ్బకూ దెబ్బకూ మధ్య అరసెకను. దారి తప్పడానికి చోటే లేదు. 40లో సెకనున్నర. ఆ సెకనున్నరలో మనసు ముందుకు తోసుకుపోతుంది, లేదా వెనకబడి ఈడ్చుకొస్తుంది. ఆ ఎడాన్ని తకదిమితో నింపుకోగలిగినవాడికి ఏ వేగమైనా లోకువే. కాబట్టి 60తో మొదలుపెట్టి ముందు 50కి, 40కి దిగండి. పైకి ఎక్కడం తర్వాత. అదొచ్చాక, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, మీరు వాయిస్తుండగా మెట్రోనోమ్ గొంతు పది సెకన్లు నొక్కి మళ్ళీ పెంచమనండి. అది తిరిగి వినపడేసరికి మీ దెబ్బా దాని దెబ్బా కలిసి ఉంటే కాలం మీలోకి వచ్చినట్టు. లేకపోతే ఇంకా దాని మీద ఆనుకుని నడుస్తున్నట్టు.

కార్డు మార్పుకు నేను చెప్పే మందు ఒకటే. ఆవృత్తంలో ఆఖరి మాత్ర, అంటే రామ రామ హరిలో రి, పట్టు వదిలేసిన ఖాళీ తీగల మీద పడినా పరవాలేదు. ఎడమచెయ్యి ఆ ఒక్క మాత్ర ముందే బయలుదేరాలి. కుడిచెయ్యి మాత్రం రి కొట్టి తీరాలి. కొత్త కార్డులో ఒక్క వేలే సమయానికి చేరిందా, ఆ ఒక్క వేలితోనే వాయించండి. మిగతావి తర్వాతి ఆవృత్తానికి చేరతాయి.

వారానికోసారి మీరు వాయించింది ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. అప్పటికప్పుడు వింటే మన తప్పు మనకు వినపడదు. పల్లవి దగ్గర ఉత్సాహంతో పరిగెత్తడం, కష్టమైన చోట నెమ్మదించడం, ఈ రెండూ దాదాపు అందరిలోనూ ఉంటాయి. ఒక జాగ్రత్త. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మెట్రోనోమ్ వింటూ రికార్డు చెయ్యవద్దు. ఆ చప్పుడు మీ చెవికి సెకనులో పదోవంతో, ఇంకా ఎక్కువో ఆలస్యంగా చేరుతుంది. మీరు సరిగ్గానే వాయించినా రికార్డులో వెనకబడినట్టు వస్తుంది. ఒక అబ్బాయి ఇది తెలియక నెల రోజులు తనకు తాళజ్ఞానం లేదని బెంగపెట్టుకున్నాడు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టిస్తే ఆ బెంగ ఆ పూటే తీరింది.

చివరగా, మనుషులతో వాయించాలి. యంత్రం మన కోసం ఊపిరి పీల్చదు. రామాలయంలో భజన జరిగే రోజు గిటారు తీసుకుని వెనక వరసలో కూర్చోండి. పెద్దల అనుమతి అడగండి, కాదనరు. ఒక్క కార్డు చాలు. చిడతలతో, తాళాలతో, డోలక్‌తో చెయ్యి కలపండి. కీర్తన వేగం దుందుడుకుగా పెరిగేటప్పుడు అందరూ కలిసి పెరుగుతారు. ఆ పెరగడం ఎక్కడ మొదలైందో, ఎవరు మొదలెట్టారో వినండి. ఆ వినికిడి గదిలో కూర్చుంటే రాదు.

గిటారు కొనిచ్చిన తల్లిదండ్రులకు నాదొక విన్నపం. చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదైనా పాట వాయించరా’ అని అడుగుతాం. మొదటి మూడు నెలలూ అలా అడగవద్దు. ‘ఏదీ, మన ఊరి పేరు వాయించు’ అనండి. పిల్లవాడు తీగల మీద అరచెయ్యి ఆనించి చిక్ చిక్ మంటూ పె ను మూ డి, పు లి గ డ్డ అని వాయిస్తుంటే మీరు కూడా పక్కన కూర్చుని తొడ మీద తాళం వెయ్యండి. గోడ గడియారాన్ని వినండి. మధ్యలో ఎక్కడ తప్పినా ఆపవద్దు, వాణ్ణీ ఆగనివ్వవద్దు.